ఆ ఏడు పుస్తకాలు మన బైబిల్లో ఎందుకు లేవు?

పెరంబూరు, చెన్నై

బుజ్జమ్మకు, పెద్దవాడికి తాతయ్య దీవెనలు.

మీ క్యాథలిక్ స్నేహితురాలి బైబిల్లో తోబీతు, యూదితు అనే పుస్తకాలు కనిపించాయనీ, మన బైబిల్లోంచి వాటిని ఎవరు తీసేసి దాచారనీ అడిగారు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. తీసేసిన మాట నిజమే. దాచారన్నది మాత్రం ఉత్త మాట.

మన ప్రొటెస్టంట్ బైబిల్లో 66 పుస్తకాలు, వాళ్ల బైబిల్లో 73. తేడా అంతా పాత నిబంధనలోనే. కొత్త నిబంధనలోని 27 ఇద్దరికీ ఒకటే. యేసు పుట్టకముందే గ్రీకు మాట్లాడే యూదులు తమ లేఖనాలను ఆ భాషలోకి తెచ్చుకున్నారు. ఆ గ్రీకు పుస్తకాల సరసన తోబీతు, సీరా జ్ఞానగ్రంథం, మక్కబీయులు వంటివీ చేరాయి. తొలి క్రైస్తవుల్లో ఎక్కువమంది చదివింది ఆ గ్రీకు లేఖనాలనే. యూదులు మాత్రం చివరికి హీబ్రూ లేఖనాల దగ్గరే ఆగారు. 1534లో తన జర్మన్ బైబిలు అచ్చువేసిన ప్రొటెస్టంట్ సంస్కర్త లూథర్ ఆ హీబ్రూ జాబితానే పట్టుకున్నాడు. అయినా మిగిలినవాటిని పారేయలేదు. లేఖనంతో సమానం కావు గానీ చదవదగ్గవేనని రాసి, రెండు నిబంధనల మధ్య విడిగా ఉంచాడు. 1546లో ట్రెంటు పట్టణంలో జరిగిన తమ బిషప్పుల సభలో క్యాథలిక్కులు అవి కూడా లేఖనాలేనని ఖాయం చేశారు. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లోనూ అవి ఉన్నాయి. అవి మన చేతుల్లోంచి జారిపోవడం చాలా తర్వాతి సంగతి. వాటిని కలిపి అచ్చువేసే బైబిళ్లకు డబ్బు పెట్టకూడదని 1820లలో లండన్‌లోని బైబిల్ సొసైటీ నిర్ణయించుకుంది.

మిగతావాటి మాట ఎలా ఉన్నా, మక్కబీయులు మనకు దూరమవడం నష్టమే అంటాను. మన బైబిల్లో మలాకీ అయిపోయి పేజీ తిప్పితే మత్తయి. మధ్యలో సుమారు నాలుగు వందల ఏళ్లు! అంతియొకసు అనే రాజు యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేయడం, యూదా మక్కబీ తిరగబడి క్రీ.పూ. 164లో దాన్ని మళ్లీ ప్రతిష్ఠించడం అప్పుడే జరిగాయి. యోహాను సువార్త పదో అధ్యాయంలో యేసు చలికాలంలో ఆలయ ప్రతిష్ఠిత పండుగనాడు సొలొమోను మంటపంలో నడుస్తుంటాడే, అది ఈ పండుగే. మక్కబీయులు చదవని మనవాళ్లు ఆ వాక్యాన్ని గబగబా దాటేస్తారు.

నిజంగా పోయిన పుస్తకాలు వేరే ఉన్నాయి, వాటి పేర్లు బైబిలే చెబుతుంది. యెహోషువ పదో అధ్యాయంలో యాషారు గ్రంథం, సంఖ్యాకాండం ఇరవై ఒకటిలో యెహోవా యుద్ధముల గ్రంథం. కొరింథీయులకు మొదటి పత్రిక అయిదో అధ్యాయం తీసి చూడండి. మీకు ముందే ఒక పత్రిక రాశాను అంటాడు పౌలు. ఆ పత్రిక ఈనాడు ఎవరి దగ్గరా లేదు. హనోకు గ్రంథం కథ మరీ విచిత్రం. యూదా పత్రికలో దాని మాటలు ఎత్తి రాశారు. మన జాబితాలో లేదు గానీ ఇథియోపియా సంఘం దాన్ని తమ ప్రాచీన గీజు భాషలో పూర్తిగా కాపాడుకుంది. వాళ్ల బైబిల్లో పుస్తకాలు 81. ఇటు సిరియా క్రైస్తవుల ప్రాచీన బైబిల్లోనైతే కొత్త నిబంధన పుస్తకాలు 22 మాత్రమే, అందులో ప్రకటన గ్రంథం లేదు. మన 27 పేర్లూ సరిగ్గా అవే అయిన జాబితా మనకు దొరికేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాసిన ఈస్టరు లేఖలో.

పెద్దవాడు ఏదో వీడియోలో విన్నాడట, 325లో నీకాయలో జరిగిన బిషప్పుల సభలో రోమా చక్రవర్తి సువార్తలను ఏరి మిగతావి తగలబెట్టించాడని. ఆ సభ తర్జనభర్జన పడింది కుమారుడైన యేసు దైవత్వం గురించి, ఈస్టరు తేదీ గురించి. నాలుగు సువార్తలే ఉండాలని ఐరేనియస్ అనే బిషప్పు అంతకు నూరేళ్ల పైచిలుకు ముందే వాదించాడు. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మదిలో దొరికిన తోమా సువార్త నేను చదివాను. 114 వచనాలు, సిలువ కథ లేదు, పునరుత్థానమూ లేదు. చివరి వచనం ప్రకారం స్త్రీ పురుషుడిగా మారితేనే పరలోక రాజ్యంలో చోటు. అది మన బైబిల్లో లేనందుకు నువ్వేమీ బెంగపడనక్కర్లేదు బుజ్జమ్మా.

అలాగని బయటి పుస్తకాలన్నీ పనికిరానివని కాదు. ఇక్కడి పరంగిమలై కొండ మీద ప్రాణాలు విడిచాడని ఈ ఊరంతా చెప్పుకునే యేసు శిష్యుడు తోమా మన దేశానికి వచ్చాడని బైబిల్లో ఎక్కడా లేదు. ఆ కథ తోమా కార్యాలు అనే సిరియా పుస్తకంలో ఉంది. ఇండియా వెళ్లనని తోమా మొండికేస్తే, యేసే అతణ్ని హబ్బాను అనే వర్తకుడికి దాసుడిగా అమ్మేస్తాడు. గొండొఫారెస్ రాజు అంతఃపురం కట్టమని డబ్బిస్తే, తోమా అదంతా పేదలకు పంచిపెట్టి, నీ భవనం పరలోకంలో లేచిందంటాడు. కట్టుకథేనని చాలాకాలం కొట్టిపారేశారు. కథ సంగతి ఏమో గానీ, రాజు మాత్రం నిజం. పందొమ్మిదో శతాబ్దంలో ఆ పేరుతో నాణేలు బయటపడ్డాయి. తోమా సమాధి ఉందని చెప్పుకునే మన మైలాపూరు పేరు మాత్రం పుస్తకంలో లేదు. అది ఇక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్న మాట.

ముందు మీ స్నేహితురాలిని అడిగి మక్కబీయులు మొదటి గ్రంథం చదవండి. తర్వాత తోబీతు చదవండి, అందులో ఒక కుక్క కూడా ఉంది. పాస్టరు గారు ఎందుకు చదువుతున్నారని అడిగితే తాతయ్య చదవమన్నాడని చెప్పండి, నాతో మాట్లాడతారు.

ప్రేమతో,
తాతయ్య