మాంచెస్టర్ సిటీపై అభియోగాలు: అది స్పాన్సర్ సొమ్మా, యజమాని సొమ్మా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ సిటీ 2009-10 నుంచి 2017-18 వరకు తొమ్మిది సీజన్లలో ఆర్థిక నియమాలను ఉల్లంఘించిందని, దర్యాప్తుకు సహకరించలేదని 2023 ఫిబ్రవరి 6న ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ప్రకటించింది. పత్రికలు లెక్కగట్టి 115 అభియోగాలన్నాయి. క్లబ్ అన్నిటినీ ఖండించింది. కోచ్, ఆటగాళ్ల చెల్లింపుల వివరాలు పూర్తిగా చెప్పలేదన్న ఆరోపణలూ వాటిలో ఉన్నాయి. కానీ అసలు ముడి ఒకచోటే ఉంది. స్పాన్సర్ల ఆదాయంగా పద్దుల్లో చూపిన డబ్బు నిజానికి ఎవరు ఇచ్చారు?

ఈ ప్రశ్నకు అంత విలువ ఎందుకో తెలియాలంటే పోర్ట్స్‌మౌత్‌ను గుర్తు చేసుకోవాలి. 2008లో ఎఫ్ఏ కప్ గెలిచిన ఆ క్లబ్, తాహతుకు మించి జీతాలిచ్చి అప్పుల్లో కూరుకుపోయింది. 2010 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది. ప్రీమియర్ లీగ్‌లో ఉండగా ఆ గతి పట్టిన మొదటి క్లబ్ అదే. తొమ్మిది పాయింట్లు కోల్పోయి కింది డివిజన్‌కు జారిపోయింది. యూరప్ అంతటా ఇలాంటి జబ్బే ముదురుతుండటంతో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ, సంపాదన మేరకే ఖర్చు చేయాలనే ‘ఫైనాన్షియల్ ఫెయిర్ ప్లే’ నియమాలు తెచ్చింది. 2013లో ప్రీమియర్ లీగ్ కూడా మూడేళ్లలో నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటరాదని గీత గీసింది.

ఆ గీతకు లోబడాలంటే ఖర్చు తగ్గాలి, లేదా ఆదాయం పెరగాలి. యజమాని వాటా మూలధనంగా పెట్టిన డబ్బు ఆదాయం కిందికి రాదు. అదే డబ్బు ఆటగాళ్ల చొక్కా మీద పేరు వేసుకున్న కంపెనీ చెల్లిస్తే వస్తుంది. సిటీని 2008లో కొన్నది అబుదాబి రాజకుటుంబానికి చెందిన షేక్ మన్సూర్ సంస్థ. ప్రధాన స్పాన్సర్ ఎతిహాద్ విమానయాన సంస్థదీ అబుదాబే. అనుమానానికి మూలం ఇక్కడే ఉంది.

2014లో యూఈఎఫ్ఏతో రాజీ కుదిరింది. 6 కోట్ల యూరోల జరిమానాలో 4 కోట్లు షరతులతో నిలిపివేశారు. విషయం సద్దుమణిగిందనుకున్నారు. 2018 నవంబరులో జర్మన్ పత్రిక డెర్ ష్పీగెల్ క్లబ్ అంతర్గత ఈమెయిళ్లను బయటపెట్టింది. ఎతిహాద్ ఇవ్వాల్సిన సొమ్ములో అధిక భాగం యజమాని వైపు నుంచే వచ్చినట్లు అవి సూచిస్తున్నాయని రాసింది. అవి దొంగిలించిన పత్రాలని, సందర్భం నుంచి విడదీసి చూపుతున్నారని క్లబ్ వాదించింది.

2020 ఫిబ్రవరిలో యూఈఎఫ్ఏ తన పోటీల నుంచి సిటీకి రెండేళ్ల నిషేధం, 3 కోట్ల యూరోల జరిమానా విధించింది. అదే ఏడాది జూలైలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం నిషేధాన్ని కొట్టేసింది. ఆరోపణల్లో కొన్ని రుజువు కాలేదని, మరికొన్నిటికి కాలదోషం పట్టిందని చెప్పింది. యూఈఎఫ్ఏ నిబంధనల్లో కాలపరిమితి అయిదేళ్లే మరి. సహకరించనందుకు మాత్రం కోటి యూరోల జరిమానా నిలిచింది. ఆ తీర్పును కొందరు నిర్దోషిత్వానికి ముద్రగానూ, మరికొందరు సాంకేతిక కారణంతో తప్పించుకోవడంగానూ చూపుతారు. తీర్పులో రెండూ ఉన్నాయి కనుక ఏ ఒక్కదాన్నే పట్టుకుని మాట్లాడటం న్యాయం కాదు.

నన్ను బాధించేది ఈ కేసుల వేగంలోని తేడా. ఎవర్టన్‌పై 2023 మార్చిలో అభియోగం మోపితే నవంబరుకల్లా 10 పాయింట్లు పోయాయి. అప్పీలు తర్వాత కోత 6కు తగ్గింది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌పై 2024 జనవరిలో అభియోగం, మార్చిలో 4 పాయింట్ల కోత. నష్టాల పరిమితి దాటిన మాట ఆ రెండు క్లబ్బులూ ఒప్పుకున్నాయి కాబట్టి పని తేలికైంది. ప్రతి అంశాన్నీ కాదంటున్న సిటీ విషయంలో తొమ్మిదేళ్ల పద్దులు, పత్రాలు తిరగేయాలి. అది నిజమే. అయినా అభియోగాల తర్వాత ఏడాదిన్నరకు, 2024 సెప్టెంబరులో గాని వాదనలు మొదలు కాలేదు. డిసెంబరు దాకా సాగిన ఆ విచారణ అంతా గోప్యంగానే జరిగింది. టికెట్టు కొని ఆట చూసే అభిమానికి, అతను ఏ క్లబ్ వాడైనా, ఇది అన్యాయం.

అభియోగాల పరిధిలోని సీజన్లలో సిటీ 2012, 2014, 2018 లీగ్ టైటిళ్లు గెలిచింది. 2012లో మాంచెస్టర్ యునైటెడ్‌కూ సిటీకీ సమానంగా 89 పాయింట్లుంటే గోల్స్ తేడాయే విజేతను తేల్చింది. ఆరోపణలు రుజువైతే పాయింట్ల కోత వేసే, లీగ్ నుంచి బహిష్కరించాలని సిఫారసు చేసే అధికారం కూడా ఈ విచారణ జరిపిన స్వతంత్ర కమిషన్‌కు ఉంది.