బీమా ఏజెంటు మాట: అపోహలు - వాస్తవాలు

నేను తెనాలిలో జీవిత బీమా ఏజెంటుని. పదిహేడేళ్ళుగా ఇదే పని. ఈ పనిలో పనిముట్లంటూ పెద్దగా ఏమీ ఉండవు. ఒక బ్యాగు, ఫోన్లో ప్రీమియం లెక్కలు చూపించే యాప్, మిగతాదంతా మాటే. ఆ మాటతో ఒక కుటుంబాన్ని నిలబెట్టినవాళ్ళని చూశాను. అదే మాటతో ఒక పెద్దాయన రిటైర్మెంటు డబ్బుకు గండి కొట్టినవాళ్ళనీ చూశాను. నేను తొలి ఏళ్ళలో అమ్మిన పాలసీల్లో కొన్ని ఇవాళైతే అమ్మను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చావు మాటెత్తి పాలసీ అమ్మడమంటే భయపెట్టి అమ్మడమే.

వాస్తవం: ఆ మాట ఎత్తకుండా అమ్మితే అది బీమా కాదు, చిట్టీ లాంటిది ఇంకొకటి. మన ఇళ్ళలో "శుభమా అని కూర్చుంటే ఆ మాటలేంటండీ" అంటారు. అనడం సహజమే. అయినా ఎవరో ఒకరు అడగాలి.

మా పేటలో ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు, మీద ఇంటి లోను. టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి పోతేనే ఇంటివాళ్ళకి డబ్బు వచ్చేది) గురించి మూడుసార్లు వెళ్ళి చెప్పాను. "తిరిగి రాని డబ్బు ఎందుకు కట్టాలి సార్" అని మూడుసార్లూ పంపేశాడు. నాలుగోసారి భార్యాభర్తలిద్దరూ ఉన్నప్పుడు వెళ్ళి ఒక తెల్లకాగితం ఇచ్చాను. లోను వాయిదా, స్కూలు ఫీజులు, బియ్యం, పాలు, గ్యాసు అన్నీ వరసగా రాయించి, "మీ ఆయన సంపాదన ఆగిన నెలలో వీటిలో ఏది ఎవరు కడతారో పక్కన రాయండమ్మా" అన్నాను. ఆవిడ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఒక్క గడి కూడా నిండలేదు. ఆ వారంలోనే 50 లక్షల పాలసీ తీసుకున్నారు. అతను నిక్షేపంగా ఉన్నాడు, ఏటా ప్రీమియం కట్టే రోజున నా మీద సణుగుతాడు. ఆ డబ్బు వాళ్ళకి ఎప్పటికీ తిరిగి రాకూడదనే నా కోరిక.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అదే కాగితం రాయించి, అదే భయం పుట్టించి, చివరికి 5 లక్షల ఎండోమెంటు పాలసీ (బీమా, పొదుపు కలిపి అమ్మేది) చేతిలో పెట్టే ఏజెంట్లున్నారు. 20 లక్షల లోను ఉన్న ఇంట్లో 5 లక్షలు ఏ మూలకు వస్తాయి? అక్కడ జబ్బు సరిగ్గానే చెప్పి, మందు మాత్రం తనకు లాభం ఉన్నది ఇచ్చినట్టు. ఎండోమెంటులో ప్రీమియం పెద్దది, కాబట్టి ఏజెంటుకు వచ్చే కమిషనూ పెద్దదే. టర్మ్‌లో ప్రీమియమే చిన్నది కాబట్టి ఏజెంటుకు మిగిలేదీ చిన్నదే. మీ ఇంటికి వచ్చిన ఏజెంటు టర్మ్ పాలసీ ఊసే ఎత్తకపోతే కారణం చాలావరకు ఇదే.

అపోహ: 10 లక్షలు కడితే 17 లక్షలు వస్తున్నాయంటే మంచి లాభమే.

వాస్తవం: ఈ లెక్క చెప్పడం మాకు ట్రైనింగులోనే అలవాటవుతుంది. అందులో అబద్ధం లేదు. అందుకే అది అంత బలంగా పనిచేస్తుంది. ఎండోమెంటు పాలసీకి ఏడాదికి 50 వేల చొప్పున 20 ఏళ్ళు కట్టారు, మొత్తం 10 లక్షలు. చివర్లో 17 లక్షల చిల్లర చేతికొచ్చింది. వినడానికి 70 శాతం లాభం. కానీ మీ మొదటి 50 వేలు 20 ఏళ్ళు కంపెనీ దగ్గరున్నాయి, రెండో 50 వేలు 19 ఏళ్ళు, అలా. ఆ కాలాన్నంతా లెక్కలోకి తెస్తే వచ్చింది ఏడాదికి సుమారు 5 శాతం. అదే 50 వేలు ఏటా ప్రభుత్వ పొదుపు పథకమైన పీపీఎఫ్‌లో వేసి 20 ఏళ్ళూ కొనసాగిస్తే, 7.1 శాతం వడ్డీ అలాగే ఉంటుందనుకుంటే, 22 లక్షలు దాటుతుంది. తేడా దాదాపు 5 లక్షలు.

ఎండోమెంటులో బీమా రక్షణ కూడా ఉంది కదా అంటారు. ఉంది, అది ఎంతో అడగండి. అంతే రక్షణ టర్మ్‌లో ఆ ప్రీమియంలో చిన్న భాగానికే దొరుకుతుంది. బలవంతంగానైనా పొదుపు చేయిస్తుంది కాబట్టి ఎండోమెంటే కావాలనే మనుషులూ ఉన్నారు. చేతిలో డబ్బు నిలవనివాళ్ళకి అది సరైన కారణమే. 5 శాతమని తెలిసి తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. 70 శాతమనుకుని తీసుకోవడమే బాధ.

అపోహ: మోసపోయేది చదువు లేనివాళ్ళే.

వాస్తవం: నా దగ్గరికి కాగితాలు పట్టుకుని టెన్షన్‌తో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రిటైరైన ఉద్యోగులు. వాళ్ళ ఖాతాలో ఒకేసారి పెద్ద మొత్తం పడుతుంది, ఆ సంగతి బ్యాంకులో అందరికీ తెలుస్తుంది. ఒక లెక్కల మాస్టారు ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యూవల్‌కి వెళ్ళారు. "మాస్టారూ, దీనికన్నా మంచి స్కీము ఉంది, ఒక్కసారి వేస్తే చాలు" అన్నారట. 4 లక్షలు వేశారు. ఏడాది తిరిగాక మళ్ళీ 4 లక్షలు కట్టమని మెసేజ్ వచ్చింది. అది పదేళ్ళు కట్టాల్సిన పాలసీ. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి నా ముందు కూర్చుని, "నేను చదవకుండా సంతకం పెట్టానయ్యా" అని తలవంచుకున్నారు. తప్పు ఆయనది కాదని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. పాతికేళ్ళుగా తెలిసిన కౌంటర్ అది, ఆయన నమ్మారు. ఆ నమ్మకాన్నే అక్కడ అమ్మేశారు.

అపోహ: షుగర్, బీపీ సంగతి ఫారంలో రాయకపోతేనే మంచిది.

వాస్తవం: ఈ సలహా ఇచ్చే ఏజెంటు మీ మేలు కోరుతున్నట్టే కనిపిస్తాడు. "రాస్తే ప్రీమియం పెరుగుద్ది, నేను చూసుకుంటాలే" అంటాడు. క్లెయిమ్ రోజున అతను ఉండడు, మీరూ ఉండరు. ఆ మాట చెవిన పడని మీ భార్య ఒక్కతే ఆఫీసులో నిలబడుతుంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలైన మూడేళ్ళలోపు ముఖ్యమైన విషయం దాచారని తేలితే కంపెనీ క్లెయిమ్ కాదనవచ్చు. మూడేళ్ళు దాటితే కాదనకూడదు. కొందరు ఏజెంట్లు ఆ రెండో వాక్యమే చెప్పి దాచమంటారు. మూడేళ్ళు బతికి తీరతామని ఎవరు రాసిచ్చారు? జబ్బు ఉందని రాసి కాస్త ఎక్కువ ప్రీమియం కట్టండి.

అపోహ: మొదటి ప్రీమియంలో కొంత వెనక్కిచ్చే ఏజెంటే మనవాడు.

వాస్తవం: అదే బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది నిషేధం, 10 లక్షల వరకు జరిమానా ఉంది. కమిషన్‌లో సగం మీకిచ్చిన మనిషికి క్లెయిమ్ రోజున మీ ఇంటికి రావాల్సిన అవసరమూ కనిపించదు.

అపోహ: పాలసీ కాగితం (బాండ్) వచ్చేశాక ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: పాలసీ చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల గడువు ఉంటుంది. నచ్చకపోతే వెనక్కి ఇవ్వొచ్చు. అన్ని రోజులు రక్షణ ఇచ్చినందుకు కొంత, వైద్య పరీక్ష ఖర్చు, స్టాంపు ఖర్చు పట్టుకుని మిగతా ప్రీమియం తిరిగిస్తారు. గడువు దాటాక మోసం తెలిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) రాయొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ, యానాంకీ ఆ ఆఫీసే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఫోన్లో దారి కావాలంటే బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ నంబరు 155255. ఒకటి గుర్తుంచుకోండి: ఐఆర్‌డీఏఐ పేరు చెప్పి "మీ పాలసీకి బోనస్ వచ్చింది, కొంచెం కడితే విడుదల చేస్తాం" అని వచ్చే ఫోన్లన్నీ దొంగ ఫోన్లే. ఆ సంస్థ పాలసీలు అమ్మదు, బోనస్‌లు పంచదు.

మాస్టారి విషయంలో ఆ 30 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. అప్పటి నుంచి బాండ్ వచ్చిన పదో రోజున నేనే ఇంటికి వెళ్తున్నాను. ఎన్నేళ్ళు కట్టాలి, మధ్యలో ఆపితే ఎంత పోతుంది, నామినీ ఎవరు, ఈ మూడూ ఇంటావిడ ఎదుట చదివి వినిపిస్తాను. క్రితం నెల ఒకాయన అంతా విని, "ఇన్నేళ్ళు నావల్ల కాదండీ" అన్నారు. రద్దు దరఖాస్తు నేనే నింపి, ఆయన సంతకం తీసుకుని ఆఫీసులో ఇచ్చి వచ్చాను.