పోటీ ఆటల్లో పరికరాలు: ఏది సాయం, ఏది మోసం?

విశాఖ ద్వారకానగర్‌లో గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. కాలేజీ పోటీలకు రిఫరీగానూ వెళ్తుంటాను. ఆట మొదలయ్యే ముందు కన్సోల్ వెనక్కి వంగి కేబుళ్లు తడుముతుంటే కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

అపోహ: సాఫ్ట్‌వేర్ జోలికి పోలేదు కాబట్టి మధ్యలో తగిలించిన పరికరం హ్యాక్ కాదు.

క్రోనస్ జెన్ అరచేతిలో ఇమిడే డబ్బీ. దానికో బుల్లి తెర. కంట్రోలర్ తీగ అందులోకి, దాని తీగ కన్సోల్‌లోకి. ఆట ఫైళ్లను అది ముట్టుకోదు, నిజమే. కానీ తుపాకీ పేలుతున్నంతసేపూ గురి పైకి ఎగరకుండా స్టిక్‌ను కిందికి లాగే పని అందులోని స్క్రిప్టు చేసిపెడుతుంది. ఆ పట్టు కోసం ఎదుటివాడు నెలల తరబడి సాధన చేసి ఉంటాడు.

జిమ్ అని మరొకటుంది (కసరత్తుల జిమ్ కాదు). మౌస్‌ను కంట్రోలర్‌గా నమ్మిస్తుంది. బొటనవేలితో గురి కుదరడం కష్టమని కంట్రోలర్ వారికి ఆట కాస్త ఎయిమ్ అసిస్ట్ (గురి కుదర్చడంలో సాయం) ఇస్తుంది. చేతిలో మౌస్ పెట్టుకుని ఆ సాయం కూడా పుచ్చుకోవడమంటే రెండు పంక్తుల్లోనూ విస్తరి వేసుకోవడమే.

అపోహ: ఎవరూ పట్టుకోలేరు.

కాల్ ఆఫ్ డ్యూటీలోని మోసాలను పట్టే వ్యవస్థ రికోషే 2023 నుంచే వీటిని గుర్తిస్తోంది. అదే ఏడాది రెయిన్‌బో సిక్స్ సీజ్‌లో ఆ ఆట తయారీదారు యూబీసాఫ్ట్ మౌస్‌ట్రాప్ అనే ఇలాంటి వ్యవస్థనే పెట్టింది. దొరికినవాడి బటన్లు ఆలస్యంగా పనిచేస్తాయి. గెంటేయడం కన్నా ఈ శిక్షే నాకు నచ్చింది.

అపోహ: దుకాణంలో అమ్ముతున్నారంటే చెల్లుతుంది.

ఒక కుర్రాడు కొత్త రేజర్ కీబోర్డు తెచ్చి, "అన్నయ్యా, బిల్లు కూడా ఉంది" అన్నాడు. బిల్లును ఎవరు కాదన్నారు! కౌంటర్-స్ట్రైక్‌లో ఆగి కాలిస్తేనే తూటా గురికి తగులుతుంది. ఎడమకు పరుగెడుతూ ఆగాలంటే ఆ కీ వదిలి, క్షణంలో కుడి కీ తట్టాలి. కీబోర్డులో స్నాప్ ట్యాప్ అనే సదుపాయం ఉంటే మొదటిది వదలనక్కర్లేదు. చివర నొక్కినదే చెల్లుతుంది. రేజర్ దీన్ని 2024 జూలైలో తెచ్చింది. ఆగస్టులోనే ఆట తయారీదారు వాల్వ్, కౌంటర్-స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో ఇలా ఆడేవారిని మ్యాచ్ నుంచి తీసేస్తామని ప్రకటించింది. కీబోర్డు ఉంచుకుని, ఆ సదుపాయం ఆపి ఆడమన్నాను. మొదటి రౌండులో అతని తూటాలన్నీ గోడకే.

అపోహ: వేలి తొడుగులు కూడా మోసమే.

మన తీరం ఉక్కపోతలో ఫోనులో తుపాకుల ఆట బీజీఎంఐ ఆడి చూడండి, తెలుస్తుంది. తొడుగు చెమట పీలుస్తుంది, గురి పెట్టదు. ఫోనుకు తగిలించే ట్రిగ్గర్ల దగ్గరే పేచీ. కొన్ని ఒక నొక్కుకు తెరను ఒక్కసారే తాకుతాయి. బ్యాటరీవి నొక్కి పట్టుకుంటే వాటంతట అవే టకటకా కొడుతుంటాయి. రెండో రకం మీద వాదనే లేదు. మొదటి రకంపై నాకూ సందిగ్ధమే. అయినా నా పోటీల్లో రెండూ వద్దంటాను.

అపోహ: ప్రత్యేక కంట్రోలర్ వాడేవాడికి అదనపు లాభం.

ఒక చెయ్యి సరిగా పనిచేయని తమ్ముడు గాజువాక నుంచి వస్తాడు. మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌ను ఒళ్లో పెట్టుకుని మోచేత్తో పెద్ద బటన్లు నొక్కుతాడు. ఎదుటి జట్టు కెప్టెన్ అభ్యంతరం చెప్పాడు. అతన్నే కూర్చోబెట్టి నొక్కి చూడమన్నాను. ఒక నొక్కు, ఒక తూటా. మళ్లీ నొక్కాడు, మరో తూటా. ఇంకేమీ అనకుండా లేచి తన కుర్చీలోకి వెళ్లాడు. ఆట మొదలుపెట్టాం.