సర్పి తల, తోక కలిస్తే ప్రాణం పోతుందా?

పోయిన నెల ఒక పెద్దావిడ భర్తని తీసుకొచ్చింది. ఆయన ఎడమ పక్కటెముకల మీద సర్పి తగ్గుతుందని జాజుతో గీయించిన సింహం బొమ్మ, దాని కింద చితికిన పొక్కులు. "ఇంకా రెండు జానలే ఉందమ్మా" అని ఏడ్చేసింది. వెన్ను దగ్గర ఒక కొస, రొమ్ము మధ్య ఇంకో కొస. మిగిలిన ఖాళీని రోజూ పొద్దున్నే జానతో కొలుస్తోందట. అప్పటికి తొమ్మిదో రోజు.

అపోహ: సర్పి పాములా చుట్టుకుంటుంది, తల తోక కలిస్తే మనిషి పోతాడు.

చర్మవ్యాధుల డాక్టర్‌గా నేను ఇది వినని నెల లేదు. పేరు వినగానే పాము గుర్తొస్తుంది, నిజమే. మేం సర్పిని హెర్పీస్ జోస్టర్ అంటాం. హెర్పీస్ అన్న గ్రీకు మాటకి కూడా పాకడమే మూలం. అదీ మన సర్పమూ ఒక్క ధాతువు బిడ్డలే. మన సప్త అక్కడ హెప్టా అయినట్టే ఇక్కడా సకారం హకారమైంది. జోస్టర్ అంటే నడుం పట్టీ, వడ్డాణం అనుకోండి. అయితే ఇది సగం వడ్డాణమే.

వాస్తవం: చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్ వెన్నెముక పక్కన, నరం మొదట్లో ఏళ్ల తరబడి పడుకుని ఉంటుంది. వయసు మీదపడో, నీరసించో ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేచి, ఆ ఒక్క నరం వెంటే చర్మం మీదికి వస్తుంది. ఒంటి నడిమి గీత దగ్గర ఆ నరం పొలిమేర అయిపోతుంది, అందుకే సర్పి కూడా అక్కడే ఆగుతుంది. హెచ్ఐవీ, కీమోథెరపీ లాంటివి ఉన్నవాళ్లలో అరుదుగా ఒళ్లంతా పాకుతుంది. అప్పుడైనా ప్రమాదం తల తోక కలవడం వల్ల కాదు.

అసలు నష్టం ఆలస్యంలో ఉంది. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెట్టాలి. పుండ్లు రెండు నుంచి నాలుగు వారాల్లో ఎలాగూ మానతాయి, నయం చేసిన పేరేమో బొమ్మ గీసినవాడికి పోతుంది. తర్వాత నెలల తరబడి ఉండే నరాల మంట మాత్రం మా దగ్గరికి వస్తుంది. ముక్కు కొన మీద పొక్కులు లేస్తే ఆ రోజే కంటి డాక్టర్‌కి చూపించండి.

పేరు చూసి పొరబడే మిగతా జబ్బులు గబగబా. చికెన్ పాక్స్ కోడికూర వల్ల రాదు. రింగ్‌వార్మ్‌లో పురుగు లేదు, ఫంగస్. కేన్సర్ అంటే పీత. కర్కాటక రాశివాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడు గాలి. గాలి కాదు, దోమ అని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే పట్టుకున్నాడు. పేరు మాత్రం మారలేదు.

ఆ పెద్దావిడ వారం తర్వాత మళ్లీ వచ్చింది. "అవే రెండు జానలమ్మా" అంది, నవ్వుతూ. ఆయన మాత్రం చొక్కా తగిలితే మంటని, ఇంకా తువ్వాలు కప్పుకునే వస్తున్నారు.