పొద్దుతిరుగుడు పూల పసుపు ఎందుకు కమిలిపోతోంది?

డచ్ చిత్రకారుడు వాన్ గోహ్ వేసిన ‘పొద్దుతిరుగుడు పూలు’ చిత్రాన్ని ఇకమీదట బయటి ప్రదర్శనలకు పంపబోమని ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గోహ్ మ్యూజియం 2019లో ప్రకటించింది. రంగు పొరలు ప్రయాణపు కుదుపులకు తట్టుకోలేవట. పైగా ఆ పసుపు కూడా మునుపటిలా లేదు, అక్కడక్కడా గోధుమరంగుకు తిరిగింది.

చెడిపోని రంగుగా పేరు తెచ్చుకున్నది పసుపే కావడం వల్ల ఈ సంగతి మరీ బాధ కలిగిస్తుంది. దేవతల ఒళ్లు బంగారమని ప్రాచీన ఈజిప్షియన్లు నమ్మేవారు. బంగారానికి నాశనం లేదు కాబట్టి వాళ్ల చిత్రాల్లో పసుపు శాశ్వతత్వానికి గుర్తయింది. మట్టి నుంచి తీసిన పసుపు గుహల కాలం నుంచీ ఉన్నా దానికి ఆ మెరుపు లేదు. మెరుపు కోసం హరితాళం వాడేవారు. అది ఆర్సెనిక్ ఉన్న ఖనిజం, విషం.

యూరప్‌లో ఇదే రంగు ద్రోహానికీ గుర్తయింది. ఇటలీలోని పదువాలో ఒక చిన్న ప్రార్థనా మందిరంలో, 1305 ప్రాంతంలో చిత్రకారుడు జొట్టో వేసిన కుడ్యచిత్రంలో, క్రీస్తును శత్రువులకు పట్టిచ్చిన శిష్యుడు యూదా పసుపు వస్త్రం కప్పుకుని, దానితోనే క్రీస్తును చుట్టేస్తూ ముద్దు పెట్టుకుంటాడు. ఆ దృశ్యంలో ముఖాలకన్నా ముందు ఆ పసుపే కన్ను లాగేస్తుంది.

అసలు మలుపు 1797లో వచ్చింది. సైబీరియా నుంచి తెచ్చిన ఎర్రటి సీసపు ఖనిజంలో ఫ్రెంచి రసాయనవేత్త వోక్లాఁ కొత్త లోహాన్ని గుర్తించాడు. దాని పేరు క్రోమియం. దాంతో క్రోమ్ పసుపు పుట్టింది. 1888–89లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో వాన్ గోహ్ పొద్దుతిరుగుడు పూలకు వాడింది దాన్నే. అది నిలవదని ఆయనకు తెలుసు. ఈ కొత్త రంగులు నిలకడ లేనివి, కాలం ఎలాగూ వాటిని తగ్గించేస్తుంది కనుక ముందే ఘాటుగా వేయాలని 1888 ఏప్రిల్‌లో తమ్ముడు తెయోకు రాశాడు.

ఏం జరుగుతోందో 2011లో తేలింది. ఆయనవే మరో రెండు చిత్రాల నుంచి తీసిన అతి చిన్న రంగు నమూనాలను శాస్త్రవేత్తలు ఎక్స్‌రే కిరణాలతో పరీక్షించారు. వెలుతురు తగిలి పైపొరలోని క్రోమియం మరో రసాయన రూపంలోకి మారుతోంది, ఆ రూపానికి పసుపు ఉండదు. సల్ఫేటు (గంధకపు సమ్మేళనం) కలిసిన లేత పసుపులు త్వరగా కమిలిపోతాయి, నారింజ ఛాయవి నిలబడతాయి. అంటే ఒకే పూలగుత్తిలో ఒక రేకు మిగిలి పక్క రేకు మాడిపోవచ్చు.

తర్వాత వచ్చిన కాడ్మియం పసుపుదీ ఇదే కష్టం, కారణం మాత్రం వేరు. నార్వే చిత్రకారుడు మంక్ వేసిన ‘అరుపు’ చిత్రంలోని పసుపును ఎక్కువగా పాడుచేస్తున్నది గాలిలోని తేమేనని 2020లో బయటపడింది. లైట్లు తగ్గించినంత మాత్రాన దాన్ని కాపాడలేరు, ఆ గదిలో గాలి పొడిగా ఉండాలి.