ట్రంపెట్ ఒకటే, బ్యాండ్లు అన్నెందుకు?

భోజనం పొట్లాలతో బైకు మీద తిరిగే కుర్రవాడిని మన పత్రికలు ‘గిగ్ కార్మికుడు’ అంటున్నాయి. ఆ మాటను ముందుగా వాడకంలోకి తెచ్చినవాళ్లు అమెరికా జాజ్ వాద్యకారులు. ఒక రాత్రి వాయించి, ఆ రాత్రి డబ్బు తీసుకుని ఇంటిదారి పట్టే పనికి వాళ్లు పెట్టుకున్న పేరు అది.

న్యూయార్క్‌లో ఏ బ్యాండుకూ కట్టుబడని ట్రంపెటర్ వారం ఇప్పటికీ అలాగే గడుస్తుంది. శనివారం పెళ్లి విందు, మధ్యలో సల్సా బృందం, బ్రాడ్‌వే నాటకశాలలో సెలవు పెట్టినవారి బదులు ఒక పూట, సోమవారం రాత్రి పదహారు మంది ఉన్న పెద్ద బ్యాండు. దీన్ని కళాకారుడి స్వేచ్ఛ అని మురిసిపోయేవారున్నారు. కొంత నిజమే. మిగతాది తెలియాలంటే పన్నుల చట్టాలు తిరగేయాలి.

1930లలో పేరున్న పెద్ద బ్యాండులో చేరితే వారం జీతం వచ్చేది. ఒక్కో బ్యాండుకు ముగ్గురు నలుగురు ట్రంపెటర్లు అవసరమయ్యేవారు. 1944లో అమెరికా కేంద్ర ప్రభుత్వం పాటా నాట్యమూ ఉన్న విందుశాలల మీద 30 శాతం పన్ను వేసి, కొన్ని నెలలకే 20 శాతానికి తగ్గించింది. కూర్చుని వినే ఉత్తి వాద్యసంగీతానికి ఆ పన్ను లేదు. యజమానులు లెక్క చూసుకున్నారు. చాలాచోట్ల నాట్యవేదిక పోయి కుర్చీలు వచ్చాయి, నలుగురు ట్రంపెటర్ల చోట ఒక్కడు మిగిలాడు. యుద్ధమూ, మారిన అభిరుచులూ కూడా కారణాలే, కానీ పన్ను దెబ్బ చిన్నది కాదు. అది పూర్తిగా పోయింది 1965లో.

నగరపాలన మరో మెలిక పెట్టింది. న్యూయార్క్ 1926లో తెచ్చిన క్యాబరే చట్టం ప్రకారం హోటళ్లలో, క్లబ్బుల్లో సంగీతం పెట్టాలంటే లైసెన్సు కావలసివచ్చేది. 1940 నుంచి 1967 వరకు వాద్యకారులకు పోలీసు కార్డు కూడా తప్పనిసరి. తన కార్డు రద్దు కావడంతో పియానో మేధావి థెలోనియస్ మంక్ 1951 నుంచి 1957 దాకా తన నగరంలోని క్లబ్బుల్లోనే వాయించలేకపోయాడు. ట్రంపెటర్లకు మాత్రం అసలు ఎసరు పెట్టింది ఆ చట్టంలో తరువాత చేర్చిన మినహాయింపు. లైసెన్సు లేని చిన్న హోటళ్లలోనూ ముగ్గురి దాకా వాయించవచ్చట, అయితే పియానో వంటి మీటల వాద్యాలూ, తీగవాద్యాలూ మాత్రమే! ఊదే వాద్యాలకూ డ్రమ్ములకూ చోటు లేదు. గిటారు వాయిస్తే భోజనప్రియులకు ఆహ్లాదం, ట్రంపెట్ ఊదితే నేరం. వైబ్రాఫోన్ వాద్యకారుడు వారెన్ చియాసన్ తదితరులు కోర్టుకెక్కారు. వాద్యాల మీది ఆంక్ష 1986లోనూ, ముగ్గురి పరిమితి 1988లోనూ చెల్లకుండా పోయాయి. మొత్తం చట్టం రద్దయింది 2017లో.

ఇక స్థిరమైన కొలువులంటే టీవీ, రేడియో సంస్థల సొంత వాద్యబృందాలే. వాటిలో నల్లజాతి వాద్యకారులకు చాలాకాలం దాదాపు ప్రవేశం లేదు. చిన్నప్పుడు తోటకు నీళ్లు పెట్టే గొట్టంతో ట్రంపెట్ చేసుకున్న నల్లజాతి ట్రంపెటర్ క్లార్క్ టెర్రీ కౌంట్ బేసీ, డ్యూక్ ఎల్లింగ్టన్‌ల పెద్ద బ్యాండ్లలో వాయించాక 1960లో ఎన్‌బీసీ టీవీ సంస్థలో చేరాడు. పగలు టీవీ పని, రాత్రి బాబ్ బ్రూక్‌మేయర్‌తో కలిసి నడిపిన అయిదుగురి బృందం. 1972లో ఎన్‌బీసీ వారి ‘టునైట్ షో’ కాలిఫోర్నియాకు తరలింది, టెర్రీ న్యూయార్క్‌లోనే ఉండిపోయాడు. 1980లలో సింథసైజర్లు వచ్చాక ప్రకటనల పాటల రికార్డింగ్ పని కూడా పలచబడింది.

ఆ కొలువుల కాలానికి మిగిలిన గుర్తు సోమవారం. 1966 ఫిబ్రవరిలో ట్రంపెటర్ థాడ్ జోన్స్, డ్రమ్మర్ మెల్ లూయిస్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో కొత్త బ్యాండును సోమవారం రాత్రే మొదలుపెట్టారు, ఎందుకంటే స్టూడియో వాద్యకారులకు తీరిక దొరికేది అప్పుడే. ఆ స్టూడియో పనులు ఆనాటిలా లేవు. ఆ బ్యాండు వారసులు మాత్రం ఇప్పటికీ సోమవారాలు వాయిస్తూనే ఉన్నారు.

ఇన్ని బ్యాండ్లున్నవాడికి జబ్బు చేస్తే ఎవరు చూడాలి? 1993లో కన్నుమూసిన ప్రముఖ జాజ్ ట్రంపెటర్ డిజీ గిలెస్పీ చివరి కోరిక మీద న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ ఆసుపత్రి స్తోమత లేని జాజ్ వాద్యకారులకు ఉచితంగా వైద్యం చేస్తోంది. పింఛను సంగతి ఇంకా తేలలేదు. 2000 తరువాత న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం క్లబ్బు టిక్కెట్ల మీద అమ్మకం పన్ను ఎత్తివేసినప్పుడు, మిగిలే సొమ్ము పింఛను నిధికి చేరుతుందని వాద్యకారుల సంఘం లోకల్ 802 ఆశించింది. క్లబ్బులు కలిసిరాలేదు. వాద్యకారులకు యజమాని బ్యాండు నాయకుడే కానీ తాము కాదన్నది వాటి వాదన. ఆ నాయకుడేమో మర్నాడు ఇంకొకరి బ్యాండులో మూడో ట్రంపెట్ కుర్చీలో ఉంటాడు.