మే నెలలో రాని నీళ్లు

లదాఖ్‌లోని లేహ్‌లో ఏడాది పొడుగునా కురిసే వానా మంచూ కలిపి లెక్కేసినా 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మన దగ్గర ఒక్క ముసురు రోజున పడే వానంత. అయినా 3,500 మీటర్ల ఎత్తులో, ఆ ఎడారిలాంటి నేలలో బార్లీ, గోధుమ, బఠానీ పండుతున్నాయి. ఊళ్లకు పైన, సుమారు 5,000 మీటర్లు దాటాక ఉండే చిన్న చిన్న హిమానీనదాలు, శీతకాలపు మంచు కరిగి వాగులుగా దిగడం వల్లే ఇది సాధ్యం.

వాతావరణ మార్పు గురించి వార్తల్లో చదివేది ఎక్కువగా మంచు ఎంత కరిగిందన్న లెక్కే. లదాఖ్ రైతు మాత్రం ముందుగా అడిగేది నీళ్లు ఎప్పుడొస్తాయని. అక్కడ చాలాచోట్ల ఏడాదికి ఒక్కటే పంట. ఏప్రిల్, మే నెలల్లో విత్తనం పడి తడి తగలకపోతే, చలి మొదలయ్యేలోగా గింజ గట్టిపడదు. హిమానీనదాల నీళ్లేమో జూన్ దాటాక గానీ జోరందుకోవు. మధ్యలో ఉన్న ఈ కరువును ఇదివరకు కింది వాలుల మీద పేరుకున్న మంచు తీర్చేది. ఇప్పుడు ఆ మంచు నమ్మకంగా పడటం లేదు. హిమానీనదాల అంచులు పైపైకి జరిగిపోయాయి, ఎత్తు పెరిగేకొద్దీ వేడి ఆలస్యంగా చేరుతుంది. దాంతో మేలో వాగులో చారెడు నీళ్లుంటాయి. జులైలో పొంగే నీళ్లు ఎవరికీ పట్టకుండా సింధులో కలుస్తాయి.

ఊళ్లో నీళ్లు పంచడానికి చుర్పోన్ అనే మనిషి ఉంటాడు. రాత్రంతా వాగు నీటిని ‘జింగ్’ అనే చెరువులో నిలిపి, తెల్లవారాక వంతుల ప్రకారం వదులుతారు. ఒక పొలం తడవగానే రాళ్లూ మట్టిగడ్డలూ పెట్టి ఆ గండి పూడ్చి, పక్క పొలానికి ఇంకో గండి తెరుస్తారు. నీళ్లు చాలని మే నెలలో చుర్పోన్ టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఈ లెక్క సరిచేయడానికి మొదట పూనుకున్నది ఛెవాంగ్ నోర్ఫెల్ అనే సివిల్ ఇంజనీరు. అక్కడ చలికాలంలో పైపులు గడ్డకట్టి పగిలిపోకుండా కుళాయిలను కొంచెం తెరిచి ఉంచుతారు. అలా కారిన నీళ్లు చెట్ల నీడన పల్చగా పరుచుకుని గడ్డకట్టడం, పక్కనే వాగు మాత్రం పారుతూనే ఉండటం ఆయన గమనించాడు. నీరు నెమ్మదించి, పల్చబడి, ఎండ తగలకపోతే త్వరగా గడ్డకడుతుంది. 1987లో ఫుక్ట్సే గ్రామం దగ్గర వాగు నీళ్లను నీడవాలుకు మళ్లించి, వరసగా రాతిగోడలు కట్టి, వాటి వెనక పొరలు పొరలుగా మంచు పేరుకునేలా చేశాడు. ఆయన తెలివంతా చోటు ఎంచుకోవడంలో ఉంది: ఈ మంచు ఊరికి దగ్గరగా, అసలు హిమానీనదం కన్నా బాగా కిందన ఉంటుంది. కాబట్టి ముందే, విత్తనాల వేళకే కరుగుతుంది. 2015లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

లదాఖ్‌కే చెందిన ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ దీన్నే నిలువుగా పేర్చాడు. పైనుంచి పైపులో దించిన నీళ్లు మోటారు లేకుండానే, వాలు ఒత్తిడికే ఫౌంటెన్‌లా ఎగుస్తాయి. రాత్రి చలికి ఆ తుంపర్లు పడుతూనే గడ్డకట్టి స్తూపంలా పెరుగుతాయి. శంకువు ఆకారం కాబట్టి లోపలున్న మంచుతో పోలిస్తే ఎండకు తగిలే పైభాగం తక్కువ, అందుకే నిదానంగా కరుగుతుంది. 2013-14 చలికాలంలో చేసిన మొదటి నమూనాలో దాదాపు 1.5 లక్షల లీటర్ల నీరు నిలిచి, మే మధ్య దాకా ఉంది.

ఇవి నాకు ఎంతో ఇష్టమైన ప్రయత్నాలు. అయితే ఇవి నీటిని దాస్తాయి, పుట్టించవు. చలికాలంలో వాగు పారాలి, రాత్రులు గట్టిగా చల్లబడాలి. రెండూ పైనున్న మంచు మీద, వాతావరణం మీదే ఆధారపడ్డాయి.

ఆ పైమంచు సంగతి చూస్తే గుబులుగా ఉంటుంది. పర్వత ప్రాంతాలపై పరిశోధన చేసే, కఠ్మాండూలోని ఇసిమోడ్ సంస్థ 2023 నివేదిక ప్రకారం, హిందూకుష్ హిమాలయాల్లో 2011-20 మధ్య హిమానీనదాలు అంతకు ముందు దశాబ్దం కన్నా 65 శాతం వేగంగా మంచు కోల్పోయాయి. ఇలా కరిగేటప్పుడు నదిలో నీళ్లు మొదట పెరుగుతాయి, ఈ శతాబ్దం మధ్యనాటికి గరిష్ఠానికి చేరి ఆపైన తగ్గుతాయి. ఈ పెరుగుదల చూసి ఊరట పడకూడదు, ఖర్చవుతున్నది వడ్డీ కాదు, అసలు. దెబ్బ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. గంగకు రుతుపవనాల వాన అండ ఉంది, మంచు నీటి మీద సింధు చాలా ఎక్కువగా ఆధారపడుతుంది. మన కృష్ణా గోదావరులకు హిమానీనదాలే లేవు, వానే దిక్కు.

లేహ్‌లో ఇంకో ఒత్తిడీ ఉంది. లదాఖీల పాతకాలపు మరుగుదొడ్లకు చుక్క నీరు అక్కర్లేదు, మట్టితో కప్పి ఎరువు చేసుకునేవారు. ఇప్పుడు టూరిస్టుల కోసం ఫ్లష్‌లు, షవర్లు, వాటికోసం బోర్లు వచ్చాయి. బైకుల మీద వెళ్లే మన తెలుగువాళ్లూ ఆ వాడకంలో ఉన్నారు. హోటల్లో బకెట్ నీళ్లతో సరిపెట్టుకుంటే నిజంగా తేడా పడుతుంది.

లదాఖ్‌లోనే జన్‌స్కార్ ప్రాంతంలో కుమిక్ అనే పాత ఊరుంది. పైనున్న మంచు తగ్గి వాగు చాలకపోవడంతో ఊరివాళ్లు కూర్చుని మాట్లాడుకుని, కింద మర్తాంగ్ అనే మెట్ట మీదికి తరలిపోవాలని నిర్ణయించుకున్నారు. అక్కడ ఇళ్లకన్నా ముందు కావాల్సింది నీరు. అందుకే నది నుంచి ఆ మెట్టదాకా కాలువ తవ్వడానికి వాళ్లే పలుగులు పట్టారు.